జవాబిచ్చే దీపం

నేలమాళిగలోకి దిగే తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని దియోలిండా కూర్చుంది. ఎవరో లాగేస్తారన్నట్టు రెండు చేతులతోనూ కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"లేవండి అత్తయ్యా," అంది ఒడీలియా మరోసారి.

"లేవను."

"కింద మీ గదికి కరెంటిచ్చే బ్రేకర్ ఒక్కటే ఆపుతాను. మిగతా ఇల్లంతా వెలుగుతూనే ఉంటుంది."

"మిగతా ఇంటితో నాకేం పని? మిగతా ఇంట్లో వాడు లేడు."

వంటగది బల్ల దగ్గర మరీజా తీపి రొట్టె ముక్కను చిదుముతూ కూర్చుంది. శనివారం కాబట్టి బడి లేదు. ఉంటే బాగుండేదని దాని మొహమే చెబుతోంది.

"అమ్మ కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో దెయ్యాలు కూడా పర్మిషన్ తీసుకోవాల్సొస్తోంది," అంది.

"మీ నాన్నని దెయ్యమనకు," అంది దియోలిండా తల తిప్పకుండానే.

"నేనన్లేదు నాన్నమ్మా. అమ్మే అంటోంది, నాన్న ఓ వదులైన వైరని."

ఒడీలియా మెడలో వేలాడుతున్న పరీక్ష మీటర్ను తీసి బల్ల మీద పెట్టింది. కాలేజీ వాళ్ళు ఇచ్చిన పసుపుపచ్చ పెట్టె అది. చేపల ప్యాకింగులో పని మానేసి, నలభై దాటాక, మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళ మధ్య కూర్చుని ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నప్పటి నుంచి ఆ పెట్టె ఆమెతోనే ఉంటోంది. దాన్ని చూసినప్పుడల్లా అత్తగారు మొహం తిప్పుకుంటుంది.

ఒడీలియా భర్త లియోనెల్ కిందటేడు అక్టోబరులో పడవ మీంచి పడిపోయాడు. న్యూ బెడ్‌ఫోర్డ్ రేవు నుంచి ఆల్చిప్పల వేటకు వెళ్ళిన పడవ ఒక మనిషి తక్కువగా తిరిగొచ్చింది. శవం దొరకలేదు. చర్చిలో ప్రార్థన జరిపించారు గానీ, పూడ్చడానికి ఏమీ లేకపోయింది. శ్మశానంలో ఆ ఇంటి పేరున్న రాయి మీద మామగారి పేరు ఒక్కటే ఉంది.

వేసవి మొదలయ్యే రోజుల్లో దియోలిండా గదిలో దీపం మాట్లాడడం మొదలుపెట్టింది.

అది మంచం తలవైపు గోడకు బిగించిన చిన్న దీపం. తల్లిని ఈ ఇంటికి తెచ్చుకున్న ఏడాది, ఆవిడ పడుకుని ప్రార్థన పుస్తకం చదువుకోవడానికని లియోనెలే పెట్టాడు. రోజూ పొద్దున్నే దియోలిండా మంచం అంచున కూర్చుని కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడేది. మాట్లాడి ఆగగానే దీపం ఒక్కసారి కాంతి పెంచేది. కాసేపు తెల్లగా వెలిగి మళ్ళీ తగ్గేది.

అందులో భ్రమ లేదు. మరీజా కళ్ళారా చూసింది. ఒడీలియా కూడా చూసింది. చూసి ఆ గది గుమ్మంలోనే శిలువ గుర్తు వేసుకుంది.

కానీ ఈ రోజు పొద్దున ఇంకొకటి కూడా చూసింది.

"ఇటు రండి అత్తయ్యా. మీ కళ్ళతోనే చూద్దురుగాని. చూశాక కూడా వద్దంటే ఆపను."

దియోలిండా కుర్చీ వదిలి లేచింది. తల్లీకూతుళ్ళిద్దరికీ ఆవిడ లేస్తుందన్న నమ్మకం లేదు. లేచాక ఆవిడకు కూడా లేనట్టే కనిపించింది.

గది తలుపు బార్లా తెరిచి ఒడీలియా మధ్యలో నిలబడింది. అక్కణ్ణుంచి వంటగదీ కనిపిస్తుంది, మంచం మీది దీపమూ కనిపిస్తుంది.

"మరీజా, కెటిల్ నొక్కు."

వంటగదిలో బల్ల మీది బల్బు కొద్దిగా మసకబారింది. గదిలో దీపం తెల్లగా లేచింది.

"ఆపు."

దీపం తగ్గింది.

"మళ్ళీ నొక్కు."

దీపం లేచింది.

"ఆపు. వంటింటికీ ఈ గదికీ కరెంటు వెనక్కి పోయే తీగ ఒక్కటే అత్తయ్యా. దాన్ని న్యూట్రల్ అంటారు. అది ఎక్కడో వదులైంది. అందుకే అక్కడ లోడు పడితే ఇక్కడ ఎక్కువ వస్తోంది. క్లాసులో మాస్టారు రెండు బల్బులు పెట్టి చూపించారు, అచ్చం ఇలాగే. మరీజా, ఇంకొక్కసారి..."

"చాలు!" మరీజా కెటిల్ను గోడ నుంచి పీకి పక్కకు నెట్టింది. నీళ్ళు బల్లంతా ఒలికాయి. "లేవమంటే లేవడం, కూర్చోమంటే కూర్చోవడం. నాన్నని కుక్కని ఆడించినట్టు ఆడిస్తున్నావమ్మా!"

ఒలికిన నీళ్ళు అంచు మీదుగా నేల మీదికి కారుతున్నాయి. ఎవరూ తుడవలేదు.

దియోలిండా దీపాన్నే చూస్తోంది. ఆవిడ మొహంలో ఓటమి లేదు. అది చూసే ఒడీలియాకు భయం వేసింది.

"ఇప్పుడొకటి చెప్పు," అంది ముసలావిడ మెల్లగా. "రోజూ నేను అడగడం పూర్తయ్యాకే నువ్వు కెటిల్ పెడతావు. ముందూ పెట్టవు, తర్వాతా పెట్టవు. సరిగ్గా అప్పుడే. ఎవరు పెట్టిస్తున్నారు నీచేత?"



ఒడీలియా దగ్గర జవాబు ఉంది. కానీ అది నోటితో చెప్పేది కాదు.

దియోలిండా తిరిగి వెళ్ళి నేలమాళిగ తలుపు ముందు కుర్చీలో కూర్చుంది.

*

సోమవారం సాయంత్రం క్లాసయ్యాక కుర్రాళ్ళంతా వెళ్ళేదాకా ఒడీలియా ఆగింది. కాలేజీ ల్యాబులో నిజమైన గోడలు లేవు. చెక్క చట్రాలు వరసగా నిలబెట్టి ఉంటాయి, ఎవరూ కాపురం ఉండని ఇళ్ళలాగా. వాటిలోనే తీగలు లాగుతారు, పెట్టెలు బిగిస్తారు, తప్పు చేస్తారు, విప్పుతారు.

థిబో మాస్టారు బల్ల మీద తీగ ముక్కలు ఏరుతున్నాడు. ఆమె చెబుతుంటే మొదట తలూపుతూ విన్నాడు, తన పాఠం ఒకరికి బుర్రకెక్కినందుకు సంతోషంగా. దీపం దగ్గర గోడ వెచ్చగా ఉంటోందన్న సంగతి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి.

"వెచ్చగా ఉందా?"

"ఉంది మాస్టారూ. అరచెయ్యి పెడితే తెలుస్తోంది."

"పడుకుంటే ఆవిడ తల ఆ గోడకి ఎంత దూరంలో ఉంటుంది?"

ఒడీలియా రెండు చేతులతో చూపించింది. చూపించాక ఆ దూరాన్ని తనే చూసి చేతులు దించేసుకుంది.

"నువ్వు ముట్టుకోకు," అన్నాడాయన. "ఇంకా చదువుకుంటున్నావు, లైసెన్సు లేదు. బుధవారం మధ్యాహ్నం నాకు క్లాసు లేదు, నేనొస్తా. కాగితాల పని నేను చూసుకుంటా. అప్పటిదాకా బ్రేకర్ ఆపి ఉంచు."

"ఆపనివ్వట్లేదు. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చుంది."

"కుర్చీ ఎత్తి పక్కన పెట్టు."

"కుర్చీలో ఆవిడ కూడా ఉంది మాస్టారూ."

ఆయన నవ్వబోయి మానేశాడు. తీగ ముక్కల్ని డబ్బాలో పోసి మూత పెట్టాడు.

"దెయ్యం ఉందని పిలిచిన ఇళ్ళకి చాలా వాటికి వెళ్ళానమ్మా. వైరు బాగు చేసి వచ్చేశాను. మళ్ళీ ఒక్కళ్ళూ పిలవలేదు. బాగైందని పిలవలేదో, నా మీద కోపంతో పిలవలేదో నాకు తెలీదు."

ఇంటికి వెళ్ళే దారిలో నది మీద పొగమంచు దిగింది. వంతెన మీద కార్లన్నీ నెమ్మదించాయి. ముందు బండి ఎర్ర దీపాలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఒడీలియా కిటికీ అద్దాలు పూర్తిగా పైకెత్తింది. పొగమంచులో ఏ శబ్దం విన్నా ఆమె తట్టుకోలేదు. పడవ వచ్చిన రోజు నుంచీ అంతే.

ఆ రోజు రేవులో, అందరూ వెళ్ళిపోయాక, అర్తూర్ అనే పడవ మనిషి ఆమెను వల కుప్పల వెనక్కి పిలిచాడు.

"ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది వదినా. వాడు పడగానే పోలేదు. పిలిచాడు. మంచులో ఏమీ కనపళ్ళేదు. గొంతు వచ్చిన వైపు పడవ తిప్పితే, గొంతు ఇంకో వైపు నుంచి వచ్చేది. చాలాసేపు పిలిచాడు. ముసలమ్మకి మాత్రం చెప్పకు."

ఆమె చెప్పలేదు. తలకు దెబ్బ తగిలి పడ్డాడనీ, నీళ్ళలో పడేసరికే స్పృహ లేదనీ ఇంట్లో చెప్పింది. అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

ఆ తర్వాత ప్రతి పొద్దునా పల్చటి గోడ అవతల నుంచి అత్తగారి గొంతు వినిపించేది. వాతావరణం చెప్పేది, మరీజా చదువు చెప్పేది, సూపులో ఉప్పు ఎక్కువైందని చెప్పేది. చివర్న గొంతు తగ్గించి ఒకటే అడిగేది.

"వెంటనే పోయావు కదూ, నాయనా? బాధపడలేదు కదూ?"

ఆ మాట వినలేక ఒడీలియా చెయ్యి కెటిల్ మీదికి పోయేది. నీళ్ళు కాగే హోరులో ఇంకేమీ వినపడదు.

అవతలి గదిలో దీపం అవునని వెలిగేది.

ఇన్ని నెలలుగా, ప్రతి రోజూ, తనే ఆవిడకు ఆ అబద్ధం మళ్ళీ మళ్ళీ చెబుతూ వచ్చింది. తెలియకుండా.

వెనక బండి హారన్ కొట్టింది. ముందున్న ఎర్ర దీపాలు ఎప్పుడో కదిలిపోయాయి.

*

ఆదివారం నుంచి నీళ్ళు గ్యాస్ పొయ్యి మీదే కాగుతున్నాయి. ఆపనని మాటిచ్చింది కాబట్టి ఒడీలియా బ్రేకర్ జోలికి పోలేదు, కెటిల్‌ను మాత్రం అలమారలో పెట్టేసింది. రోజూ పొద్దున దియోలిండా మాట్లాడేది, ఆగేది, దీపం కదలక మెదలక మామూలుగా ఉండేది. మళ్ళీ అడిగేది. ఆ గోడ వెనక నిశ్శబ్దంలో ఒడీలియా గిన్నెలు కూడా కడగలేకపోయింది.

మంగళవారం సాయంత్రం కేల్ ఆకు సూపు వడ్డిస్తుండగా మరీజా ముక్కు ఎగబీల్చింది.

"ఏంటా వాసన?"

"సూపులోకి చొరీసో సాసేజీ వేగిన వాసన," అంది దియోలిండా.

"కాదు."

మరీజా చెంచా పడేసి గదిలోకి వెళ్ళింది. వెనకే ఒడీలియా వెళ్ళింది. ఆ పిల్ల మంచం ఎక్కి మోకాళ్ళ మీద నిలబడి గోడకు చెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కుంది. దీపం కింద రంగు గోధుమ రంగులోకి తిరిగి ఉంది. లోపల ఎక్కడో సన్నగా చిటపటలాడుతోంది.

"నాన్నమ్మా, గోడ కాలుతోంది!"

దియోలిండా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తాపీగా లోపలికొచ్చి తనూ చెయ్యి పెట్టింది. మరీజాలా లాక్కోలేదు. అలాగే ఉంచింది.

"వాడు అంత చల్లటి నీళ్ళల్లో ఉన్నాడు," అంది. "ఇప్పుడు వెచ్చగా ఉన్నాడు. ఉండనీ."

ఒడీలియా అత్తగారి చెయ్యి పట్టుకుని లాగబోయింది. ఆ ముసలి చేతిలో అంత బలం ఎక్కడిదో, రాలేదు.

ఈలోగా మరీజా గదిలో లేదు. వంటగదిలో కుర్చీ ఫెళ్ళున పడింది. నేలమాళిగ మెట్ల మీద అడుగులు దడదడలాడాయి.

దీపం ఆరిపోయింది.

చీకటి పడుతున్న గదిలో ముగ్గురూ మళ్ళీ ఒకచోట చేరేసరికి మరీజా ఏడుస్తోంది. "నేనే ఆపాను నాన్నమ్మా. అమ్మ కాదు. నేనే. నువ్వు కూడా పోతే నేనేం చెయ్యాలి?"

దియోలిండా మనవరాలి తల నిమరలేదు, తిట్టనూ లేదు. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒడీలియా నూనె తెచ్చి రాయబోతే ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రాత్రి మరీజా గదిలో పడుకోమంటే ముసలావిడ పడుకుంది.

*

బుధవారం థిబో మాస్టారు వచ్చి, టోపీ తీసి, "నమస్కారమమ్మా" అన్నాడు. దియోలిండా ఆయన్ను పెళ్ళి చూపులకొచ్చిన వాణ్ణి చూసినట్టు కిందికీ మీదికీ చూసింది.

"కాఫీ ఇద్దామంటే కెటిల్ లేదు," అంది. "దాన్ని ఖైదు చేశారు."

ఒడీలియా బిత్తరపోయింది. నిన్నటి నుంచీ ఆవిడ పలికిన మొదటి మాట అది.

మంచం పక్కకు జరిపారు. మాస్టారు ముందు తన మీటరుతో, తర్వాత ఆమె మీటరుతో, కరెంటు లేదని రెండుసార్లు చూశాడు. పని ఆయనే చేశాడు. ఒడీలియా లైటు పట్టుకుంది, అడిగింది అందించింది. దీపం విప్పి కిందికి దించాక, దాని వెనక ఉన్న ప్లాస్టరును జాగ్రత్తగా కోశాడు. లోపల తీగలు కలిపే ఒక పెట్టె. గోడలో పూడ్చేసిన పెట్టె.

"ఇలా కప్పెట్టకూడదు," అని గొణిగాడు. "ఎవరు చేశారో గానీ."

దియోలిండా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని అంతా చూస్తోంది. ఆవిడ వెనక మరీజా నిలబడి ఉంది.

పెట్టెలో తెల్ల న్యూట్రల్ తీగలు కలిపిన చోట, వాటి మీద బిగించిన ప్లాస్టిక్ టోపీ కరిగి నల్లబడింది. మాస్టారు దాన్ని పట్టుకోగానే చేతిలోకి ఊడొచ్చింది. లోపలి రాగి తీగలు ఒకదాన్నొకటి విడిచిపెట్టి ఉన్నాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు.

"ఇది చూడు ఒడీలియా. మెలిక ఎటు తిరిగింది?"

ఆమె చూసింది. క్లాసులో ఆమె చేతులు లెక్కలేనన్నిసార్లు తిప్పిన మెలిక కుడివైపుకు ఉంటుంది. ఇది ఎడమకు తిరిగి ఉంది.

"తీగల్ని ఎడమవైపుకి మెలేశాడు. టోపీ మాత్రం కుడివైపుకే బిగుస్తుంది కదా. బిగించిన ప్రతి చుట్టూ లోపలి మెలికని కొంచెం విప్పింది. ఇన్నేళ్ళు నిలబడ్డమే ఎక్కువ." ఆయన తనలో తను అన్నట్టు చెప్పాడు. "ఎవడో ఎడమచేతి వాటం వాడు."

ఒడీలియా లైటును దగ్గరగా పెట్టి ఆ మెలికను మళ్ళీ చూసింది.

లియోనెల్ సిగరెట్టు ముట్టించే చెయ్యి. రొట్టె కోసే చెయ్యి. పిల్లను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు తల కింద పెట్టిన చెయ్యి.

మాస్టారు ఆమె మొహం చూశాడు. వెనక్కి తిరిగి ముసలావిడను చూశాడు. అంతా అర్థమయ్యాక ఆయనకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"క్షమించండమ్మా. నాకు తెలీదు."

"మేమొచ్చిన దీవిలో, చిన్నప్పుడు బళ్ళో వాడి ఎడమచెయ్యి వెనక్కి కట్టేసేవాళ్ళు," అంది దియోలిండా. "ఇంటికొచ్చాక నేను విప్పేదాన్ని. మళ్ళీ పొద్దున వాళ్ళు కట్టేసేవాళ్ళు. ఇలా ఇవ్వండి."

కాలిన ముక్కను ఆయన కత్తిరించి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కంటికి దగ్గరగా తీసుకుని, మెలిక మీద వేలితో రాసింది. వేలికి మసి అంటింది.

మాస్టారు కొత్తగా కలిపి, పెట్టెను బయటికి కనిపించేలా మూత బిగించి, దీపాన్ని మళ్ళీ పెట్టాడు. మరీజా అడక్కుండానే కిందికెళ్ళి బ్రేకర్ వేసింది. దీపం వెలిగింది. అలమారలోంచి కెటిల్ తీసి నొక్కి చూశారు. నీళ్ళు హోరుమన్నాయి.

దీపం ఇసుమంతైనా కదల్లేదు.

మాస్టారు కాఫీ తాగలేదు. గుమ్మం దాకా వచ్చిన ఒడీలియాతో, "పని బాగానే పట్టుకున్నావు, నీకు చెవీ కన్నూ ఉన్నాయి" అన్నాడు. అంటూనే లోపలికి ఒకసారి చూసి, ఇంకేదో చెప్పబోయి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తిరిగి గదిలోకి వచ్చేసరికి మంచం ఎక్కడిదక్కడ ఉంది. నాన్నమ్మా మనవరాలూ కలిసి జరిపినట్టున్నారు. దియోలిండా మంచం అంచున, పొద్దున్నే కూర్చునే చోటే కూర్చుని ఉంది. మరీజా వంటగదిలో ప్లాస్టర్ దుమ్ము ఊడుస్తోంది.

"కూర్చో," అంది దియోలిండా.

ఒడీలియా నిలబడే ఉంది.

"నువ్వు చెప్పింది నిజమే. అది వాడు కాదు. ఆ సంగతి నాకు శనివారమే అర్థమైంది, ఒప్పుకోబుద్ధి కాలేదంతే. అర్థమయ్యాక ఇంకోటి కూడా ఆలోచించాను. కూర్చోవడానికి నాకు బోలెడు టైముంది కదా, కుర్చీ కూడా ఉంది." ఆవిడ పెదవి ఒక పక్కకు లేచి, దిగింది. "నేను ఒకటే మాట అడిగేదాన్ని. ఈ గోడ పల్చన. నీకు వినపడేది."

"అత్తయ్యా..."

"వినపడేది. వినపడగానే కెటిల్ నొక్కేదానివి. ఇన్నాళ్ళూ నాకు జవాబు చెప్పింది వాడు కాదు. నువ్వు."

వంటగదిలో చీపురు శబ్దం ఆగింది.

"కెటిల్‌తో చెప్పావు. ఇప్పుడు నోటితో చెప్పు. పొయ్యి దగ్గర నిలబడి కాదు, నా మొహం చూసి చెప్పు." దియోలిండా కందిన అరచెయ్యి మంచం మీద పక్కన తెరిచి పెట్టింది. "నా కొడుకు వెంటనే పోయాడా?"

ఒడీలియా నోట్లో ఆ పాత మాట సిద్ధంగానే ఉంది. తలకు దెబ్బ. స్పృహ లేదు. ఏడాదిగా నలిగి నలిగి నున్నగా అయిపోయిన మాట. అది చెబితే ముసలావిడ తలూపుతుంది. నమ్మదు, కానీ తలూపుతుంది. ఇక ఎప్పటికీ ఎవర్నీ అడగదు.

గుమ్మంలో చీపురు పట్టుకుని మరీజా నిలబడి ఉంది. తండ్రి కళ్ళే దానివి.

ఒడీలియా వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. కందిన చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఈసారి ఆ చెయ్యి వెనక్కి పోలేదు.

"మరీజా," అంది. "ఆ చీపురు అక్కడ పెట్టేసి, నువ్వూ రా. వచ్చి నాన్నమ్మకి ఆ పక్కన కూర్చో. రేవులో విన్నది మీ ఇద్దరికీ చెప్పాలి."